గోడ పక్క

అంబ్రొలౌరి
1996 నవంబరు 4

అమ్మాయ్ ఖాతూనా,

నీ బాధ నా మీదికి రానీ. నీ కూతురు ఇప్పుడే పాలు తాగి పడుకుంది. పొయ్యి మీద చిక్కుడుగింజలు మాడకుండా ఉడుకుతున్నాయి. ఈ రెండూ ఒకేసారి కుదరడం ఈ ఇంట్లో పండగతో సమానం, అందుకే వెంటనే కలం తీశాను.

ద్రాక్ష తొక్కడం అయిపోయింది. జాజా లేడుగా, జుజునా మొగుడు వచ్చి తొక్కి పెట్టాడు. తొక్కినదానికన్నా పాత వైను తాగిందే ఎక్కువ. పోనీలే, పొరుగువాడు. కొండచరియ కింద నా కొడుకు జాజా లారీని తవ్వి తీసినప్పుడు ముందు పార పట్టింది వాడే.

ఒక సంగతి చెప్పాలా వద్దా అని తెగ ఆలోచించాను. నిన్న బార్బరేకి నీళ్ళు పోస్తుంటే మెడ ఎడమ పక్క వేలికి గట్టిగా తగిలింది. చిక్కుడుగింజంత ఉంటుంది. తల ఎప్పుడూ ఎడమ భుజం మీదికి ఒరుగుతోంది, మొహం మాత్రం కుడివైపు, పొయ్యి వైపే ఉంటోంది. నేను పొయ్యి దగ్గర కూర్చుంటాను కాబట్టి నన్నే చూస్తోందని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. గోడవైపు తిప్పబోతే కెవ్వుమంది. జుజునా వచ్చి దిష్టి అంటోంది. దాని మాటకేం, దాని ఆవు తన్నినా దిష్టే అంటుంది. వచ్చే సోమవారం డాక్టరమ్మ నార్గిజా దగ్గరికి తీసుకెళ్తాను. నువ్వు కంగారు పడకు. నువ్వు కనిపెట్టుకుని ఉండే ఆ గ్రీకు ముసలావిడ అన్నం సరిగ్గా తింటోందా?

మీ అత్త,
ఎతేరి


థెస్సలొనీకి
నవంబరు 19

అత్తయ్యా,

ఊరి నుంచి మీ ఉత్తరం తెచ్చిన ఒమారి బస్సు దగ్గరే నిలబడి చదివాను.

బయల్దేరే రోజున మీకు ఏం చెప్పాను? అడుగున కన్నం ఉన్న ఆ పాతకాలపు తొట్టెలో పిల్లని పట్టీలతో కట్టేయొద్దన్నాను. సరేనన్నారు. నేను గుమ్మం దాటగానే మళ్ళీ పట్టీలు బిగించి ఉంటారు. చేతులు కట్టి, కాళ్ళు కట్టి, మూటలా పడేస్తే పసిమెడ బిగుసుకుపోదా? ఇక్కడ పిల్లల్ని ఎవరూ అలా కట్టరు. వీధిలో ఎవరి పిల్లని చూసినా ముందు మెడ చూస్తున్నాను, అన్నీ నిటారుగానే ఉంటున్నాయి.

రెండు నెలల పిల్లని వదిలి వచ్చింది ఇందుకా? దయచేసి విప్పండి. వెంటనే విప్పండి. మిగతా కబుర్లు రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఖాతూనా


అంబ్రొలౌరి
డిసెంబరు 3

ఖాతూనా,

విప్పాను. పట్టీలు చుట్టేసి తొట్టెను అటక మీద పడేశాను. పిల్ల ఇప్పుడు చెక్కమంచం మీద రాణీలా కాళ్ళు ఆడిస్తోంది. నీకు తృప్తిగా ఉందా?

ఆ తొట్టెలోనే నీ మొగుడు పెరిగాడు. వాడి మెడ నిటారుగానే ఉండేది, శవపేటికలో పడుకోబెట్టిన రోజున కూడా. నీకు ఎడమ రొమ్ము పుండైతే ఆ రెండు నెలలూ పిల్లని ఒక్క పక్కే పట్టి పాలిచ్చావు. నేను ఆ మాట అన్నానా? అనలేదు. ఇప్పుడూ అనడం లేదు.

డాక్టరమ్మ చూసింది. మెడలో ఒక పక్క కండ కురచగా బిగుసుకుందట. చంటిపిల్లల్లో ఉండేదేనట. రోజూ మెల్లగా సాగదీయాలి, బోర్లా పడుకోబెట్టాలి, బిగుసుకున్న వైపు తనంతట తాను తిరిగేలా చెయ్యాలి. ఏడాది నిండేలోపు సాగితే సరే. లేదంటే తిబిలీసి తీసుకెళ్ళి కత్తి పెట్టించాలి. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఆవిడే అంది.

ఆవిడ చూపించినట్టే చేస్తున్నాను. నేను పట్టుకోగానే ఆకాశం అదిరేలా ఏడుస్తుంది. నిన్నటిదాకా నన్ను చూసి నవ్వే పిల్ల ఇప్పుడు నా చేతులు చూస్తే మూతి బిగిస్తోంది. ఇంతకు మించి నాకు శిక్ష ఏం వేస్తావో వెయ్యి.

ఎతేరి


థెస్సలొనీకి
డిసెంబరు 15

అత్తయ్యా,

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నేను నోరూ జారాను, కాగితం మీద కూడా పెట్టాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మా ముసలావిడ స్తమాతియమ్మ పక్షవాతం చేతిని ఆడించడానికి థనాసిస్ అని ఒక కుర్రడాక్టరు వస్తాడు. నాకు వచ్చిన అరకొర గ్రీకులో చెప్తూ, నా మెడనే వంచి చూపిస్తూ అడిగాను. అతను మొత్తం విని, “మీరు ఎందుకమ్మా ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటారు? కడుపులో ఇరుగ్గా పడుకుందేమో, పుట్టేటప్పుడు లాగిందేమో. తొట్టె వల్లా కాదు, పాల వల్లా కాదు,” అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. స్తమాతియమ్మ కాఫీ పొంగిపోయిందని కేకలు.

అతను చెప్పినట్టే రాస్తున్నాను. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ భుజం కదలకుండా ఒక చేత్తో ఆపండి. రెండో చేత్తో తలని మెల్లగా కుడి భుజం వైపు వంచి, మీరు రెండు ముద్దలు నమిలి మింగేంతసేపు ఉంచండి. తర్వాత గడ్డం ఎడమ భుజం వైపు తిప్పండి. ఏడిస్తే ఆపి, ముద్దు చేసి, మళ్ళీ మొదలుపెట్టండి. బలవంతం వద్దు. పగలు బోర్లా వేసి ముందు ఏదైనా ఆడించండి. అన్నిటికన్నా ముఖ్యం, మనం తిప్పడం కాదు, తనే తిరగాలి. తనకి ఇష్టమైనది ఎడమ పక్క ఉండాలట. మంచం మీద తల అటూ కాళ్ళు ఇటూ మార్చేస్తే చాలు, పొయ్యీ మీరూ ఎడమ పక్కకి వస్తారు.

ఇంకొకటి. క్యాసెట్టులో నా మాటలు నింపి పంపుతున్నాను. జాజా టేప్ పెట్టె ఎడమ పక్క పెట్టి వినిపించండి. నా గొంతు ఇంకా గుర్తుంటే తిరుగుతుంది. కరెంటు ఎలాగూ రాదుగా, బ్యాటరీలు కూడా పెట్టాను.

మీ కోడలు,
ఖాతూనా


అంబ్రొలౌరి
1997 జనవరి 9

అమ్మాయ్ ఖాతూనా,

మన చర్చి లెక్కలో మొన్న ఏడున క్రీస్తు పుట్టాడు, నీ ఉత్తరం కూడా వచ్చింది. రెంటికీ గ్లాసు ఎత్తాను. క్షమాపణల సంగతి ఇక ఎత్తకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. నేనూ తక్కువ తినలేదు, ఆ పాల మాట రాసి ఉండాల్సింది కాదు.

నీ కుర్రడాక్టరు తెలివైనవాడే గాని మన ఇల్లు చూడలేదు. తల అటు మారిస్తే పిల్ల కాళ్ళు గుమ్మం వైపు వస్తాయి. జాజాని ఆ గదిలో అలా పడుకోబెట్టాం కదా, బయటికి తీసుకెళ్ళేముందు. బతికున్న పిల్లని అదే గదిలో అలా పడుకోబెట్టమంటే నా వల్ల కాదు. మూఢనమ్మకం అను, ఏమైనా అను. పిల్ల తల దేవుడి పటం కిందే ఉంటుంది. ఆ గది తప్ప ఇంకో గదికి పొయ్యి లేదు, తెలుసుగా.

అందుకని మంచం కొంచెం లాగి, గోడకీ మంచానికీ మధ్య సందులో పెట్టె పెట్టాను. ఉత్తరపు గోడ, లోపలివైపు కూడా మంచు పేరుతోంది. పెట్టెకి చలేముంది? మీట నొక్కాను. “బార్బరే, ఇటు చూడు, ఎవరొచ్చారు? అమ్మ ఇటుంది, గోడ పక్కనుంది,” అన్నావు. పిల్ల కాళ్ళాడించడం ఆపేసింది. ముందు కళ్ళు తిరిగాయి. తర్వాత గడ్డం కాస్త కదిలింది, సగం కూడా రాలేదు, మళ్ళీ పొయ్యి వైపు వెళ్ళిపోయింది. కానీ కదిలింది. నేను చూశాను.

ప్రస్తుతానికి జాజా వేసిన బ్యాటరీలే ఆడుతున్నాయి, ముసలివి. నీ గొంతు చర్చిలో ముసలి పూజారి గొంతులా సాగుతోంది. దానికి అదే బాగుంది కాబోలు. నువ్వు పంపినవి అందాయి, బాగున్నాయి.

ఒక్క పని చెయ్యి. టేపులో చెప్పే మాటలు కాగితం మీద కూడా రాసి పంపు. నా చెవులు ఈ మధ్య సగమే పట్టుకుంటున్నాయి.

నీ అత్త,
ఎతేరి


థెస్సలొనీకి
జనవరి 28

అత్తయ్యా,

“కానీ కదిలింది” అన్న ముక్క ఎన్నిసార్లు చదివానో చెప్పను, నవ్వుతారు. స్తమాతియమ్మకి కూడా చదివి వినిపించాను. మన భాష ఒక్క ముక్క రాదు ఆవిడకి, అయినా తలూపింది.

పూజారి గొంతు మాత్రం వద్దు. జాజా బ్యాటరీలు తీసి పారేసి నావి వెయ్యండి. రెండో క్యాసెట్టూ, ఇంకో ప్యాకెట్టూ పంపుతున్నాను. మీరు అడిగినట్టు మాటలు వేరే కాగితం మీద రాశాను. తేనె దొంగిలించిన ఎలుగుబంటి కథ. “ఎలుగు ఇటు వెళ్ళింది, చూడు బార్బరే, ఇటు,” అన్న చోట కొంచెం ఆగాను, తను తిరగడానికి టైం కావాలిగా. చివర చిన్న పాట. నేను చిన్నప్పుడు కట్టుకున్నదే, రాగం సరిగ్గా రాలేదు.

చెవులకి వెచ్చని నూనె వేయించుకోండి. మీకు చెవుడేమిటి? పక్క ఊళ్ళో పెళ్ళి మాటలు మన ఇంట్లోంచే వినేవారు.

ఖాతూనా


అంబ్రొలౌరి
ఫిబ్రవరి 24

అమ్మాయ్,

దారి మూసుకుపోయింది, ఒమారి ఇప్పుడే కొండ ఎక్కగలిగాడు. మన రాచా కొండలవాళ్ళం నెమ్మదస్తులమని కిందివాళ్ళు వెక్కిరిస్తారు, మన మంచు మనకన్నా నెమ్మది.

శుభవార్త. మెడలో గింజ సగమైంది. గడ్డం భుజం దాకా రాదుగాని దగ్గరికి వస్తోంది. బోర్లా వేస్తే తల ఎత్తి, తాబేలులా చూస్తోంది. ఎలుగుబంటి కథ దానికి ప్రాణం. “ఎలుగు ఇటు వెళ్ళింది” అనగానే గోడ పక్కకి తిరిగి నోరు తెరుస్తుంది. పాట దగ్గర కూడా తిరుగుతుంది, రాగం సరిగ్గా లేకపోయినా. నా చేతులు చూసి ఏడవడం కూడా తగ్గింది. సాగదీసినంతసేపూ పళ్ళు రాని చిగుళ్ళతో నా బొటనవేలు కొరుకుతుంది, అది మా ఒప్పందం.

బ్యాటరీలు ఇక పంపకు. చాలా ఉన్నాయి. క్యాసెట్లు కూడా ఎందుకు, శ్రమ. మాటలు రాసి పంపితే చాలు.

కొంచెం దగ్గు పట్టింది. పొయ్యి పొగ.

ఎతేరి


థెస్సలొనీకి
మార్చి 14

అత్తయ్యా,

రాయకుండా ఉందామనుకున్నాను, ఉండలేకపోతున్నాను. బ్యాటరీలు పంపొద్దంటారు. క్యాసెట్లు వద్దంటారు. మాటలు చాలట. మాటలు ఎవరైనా చదువుతారు. నేను అక్కడ ఉన్నది ఆ పెట్టెలో గొంతుగానే కదా, దాన్ని కూడా మూసేస్తే నేను తనకి ఎవరిని?

మీరు కొడుకుని పోగొట్టుకున్నారు. వాడి పిల్ల మీకు మిగిలింది. మీ మనసులో ఏముందో నేను ఊహించగలను. కానీ నాకూ ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. నిజం చెప్పండి. తనకి నా గొంతు వినిపిస్తున్నారా లేదా?

కోపంగా రాస్తున్నానని తెలుసు. పోయినసారి కూడా కోపంతో రాసి తర్వాత ఏడ్చాను. అయినా దీన్ని చింపకుండా పంపుతున్నాను.

ఖాతూనా


అంబ్రొలౌరి
ఏప్రిల్ 3

ఖాతూనా,

వింటోంది. రోజూ వింటోంది. నీ మాట వినకుండా ఒక్క పూట గడవలేదు, జాజా మీద ఒట్టు.

నిన్న డాక్టరమ్మ చూసింది. గడ్డం రెండు భుజాలకీ ఆనుతోంది. కత్తి అక్కర్లేదు. ఆవిడ ఆ మాట అనగానే నేను ఆవిడ టేబులు మీద తల పెట్టి ఏడ్చాను. జుజునా దిష్టి పోయిందంది. ఈసారి కాదనలేదు.

ఇంక రాయలేను. దగ్గు కలాన్ని కదిపేస్తోంది.

ఎతేరి


అంబ్రొలౌరి
మే 11

అత్తయ్యా,

ఈ ఉత్తరం మన ఇంటి నుంచి రాస్తున్నాను. మిమ్మల్ని కుతైసీ ఆసుపత్రిలో చేర్చారని ఒమారి ఫోనులో చెప్పాడు. అతని బస్సులోనే వచ్చేశాను. కాగితాలు లేనిదాన్ని, మళ్ళీ అటు వెళ్ళనివ్వరు. స్తమాతియమ్మకి చెప్తే తన మంచి చెయ్యి నా తల మీద పెట్టింది. కుతైసీలో దిగి మీ దగ్గరికి వస్తే గేటు దగ్గరే ఆపేశారు. ఊపిరితిత్తుల జబ్బు అంటుకునేదో కాదో తేలేదాకా ఎవరినీ రానివ్వరట. మీ కిటికీ ఏదో కూడా చెప్పలేదు. కింద నిలబడి అన్ని కిటికీలూ చూసి వచ్చాను.

జుజునా పిల్లని చేతికిచ్చింది. పెద్దదైపోయింది, అత్తయ్యా. మెడ నిటారుగా ఉంది. నన్ను చూసి జుజునా భుజంలో మొహం దాచుకుంది. సరే, కొత్త కదా అనుకున్నాను. నా గొంతు వింటే తెలుస్తుందనుకుని, మంచం మీద కూర్చోబెట్టి పెట్టె తీసి మీట నొక్కాను. పలకలేదు. మూత తీస్తే జాజా బ్యాటరీలు చిలుముపట్టి, తెల్లగా కారిపోయి ఉన్నాయి. ఎన్నాళ్ళ కిందట పోయాయో. దుప్పట్ల పెట్టెలో నేను పంపిన ప్యాకెట్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. విప్పి వేయబోతే లోపల వదులుగా దొర్లాయి. నేను పంపినవి సన్నవి. ఆ పెట్టెకి కావలసినవి లావువి. చలికాలమంతా తప్పు బ్యాటరీలు పంపుతూనే ఉన్నాను, మీరు అందాయి, బాగున్నాయి అని రాస్తూనే ఉన్నారు.

జుజునా మొగుడి టార్చిలో లావువి ఉంటే తెచ్చి వేశాను. నా గొంతు గట్టిగా, చురుగ్గా వచ్చింది. బార్బరే బెదిరి ఏడ్చింది. పెట్టె ఆపేసి, కాగితం మీది మాటలు నేనే చెప్పాను. “ఎలుగు ఇటు వెళ్ళింది, చూడు బార్బరే, ఇటు.” ఏడుపు ఆపింది. ఎడమ భుజం దాకా, పూర్తిగా, తేలిగ్గా తిరిగింది. నన్ను దాటి తిరిగింది. గోడకీ మంచానికీ మధ్య సందులోకి చూసి, నోరు తెరిచి ఎదురుచూసింది. అక్కడ మీ పీట ఉంది. గోడకి సున్నం మీ వీపంత మేర అరిగిపోయి ఉంది.

నేను మిమ్మల్ని ఏమని అడిగానో గుర్తొచ్చి తల బాదుకున్నాను. ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?

ఖాతూనా


కుతైసీ, ఆసుపత్రి
మే 15

అమ్మాయ్ ఖాతూనా,

నర్సు దిండు ఎత్తు చేసి పెట్టింది కాబట్టి రాయగలుగుతున్నాను.

నేను అబద్ధం ఆడలేదు. నీ మాటే వింది, నోరు నాది, అంతే. మొదట్లో పెట్టె వల్లే కదిలింది, అది నిజం. తర్వాత పెట్టె మూగబోయింది. సన్నవి పంపావని రాస్తే నువ్వు ఏడుస్తావు, లావువి కొని పంపేసరికి మంచు కొండ మూస్తుంది. పిల్ల మెడ బస్సు కోసం ఆగుతుందా? అందుకని పెట్టెని తీసేసి ఆ సందులో నేను కూర్చున్నాను. నీలాగే, “అమ్మ ఇటుంది” అని చెప్పాను. నా పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఒట్టు. దానికి నా గొంతే అలవాటవుతోందని నాకు తెలుసు. అది నన్ను చూసి నవ్వినప్పుడల్లా నీ దగ్గర దొంగిలిస్తున్నట్టు అనిపించేది. నీ మార్చి ఉత్తరం చదివి, నిజమే రాశావు అనుకున్నాను. ఒక్కోసారి మనసు సంతోషించింది కూడా. ఆ పాపం నాదే.

గోడ సంగతి ఎత్తకు. ఊపిరితిత్తులు ముసలివి, గోడ కూడా ముసలిదే. వీపు వెనకాల గొర్రెతోలు వేసుకోవాలని తోచలేదు, తెలివితక్కువదాన్ని.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది విను. పెట్టె అటకెక్కించు. పక్కనే తొట్టె ఉంది, కాల్చేయకు, దాంట్లో హేజెల్ కాయలు ఆరబెట్టుకోవచ్చు. నువ్వు వెళ్ళి ఆ సందులో కూర్చో. ముందు గోడకి తివాచీ కట్టు, తర్వాత కూర్చో. కథ నెమ్మదిగా చెప్పు. నేను నెమ్మదిగా చెప్పేదాన్ని, మధ్యలో దగ్గేదాన్ని. దగ్గక్కర్లేదు. మొదట నీ వెనకాల వెతుకుతుంది, ఓర్చుకో. గోడ పక్కన ఎవరుంటారో వాళ్ళే అమ్మ అని దానికి నేర్పాను. అది మరిచిపోదు.

నాకు ఇప్పుడు ఎడమ పక్కకి పడుకోవడమే కుదురుతోంది. ఇంకో పక్కకి తిరిగితే ఊపిరి అందదు. నవ్వొస్తోంది.

నీ బాధ నా మీదికి రానీ.

ఎతేరి


అంబ్రొలౌరి
మే 18

అత్తయ్యా,

జబ్బు అంటుకునేది కాదని తేలిందట. పిల్లని తీసుకుని వెంటనే రావొచ్చని మీ డాక్టరు ఒమారితో కబురు పెట్టాడు. మొన్నటిదాకా గేటే దాటనివ్వనివాళ్ళు ఇప్పుడు పిల్లని కూడా తెమ్మంటున్నారు. ఎందుకని నేను అడగలేదు, ఒమారి చెప్పలేదు. రేపు పొద్దున బయల్దేరుతున్నాం. ఈ రాత్రే ఒక పాలలారీ కుతైసీ వెళ్తోంది, అందుకే ఈ నాలుగు ముక్కలు. మమ్మల్ని చూసేదాకా ఆగండి.

మీరు చెప్పినట్టే సందులో కూర్చున్నాను. తివాచీ మాత్రం కట్టలేదు. ఆ చలి ఎలా ఉంటుందో వీపుకి తెలియాలనిపించింది. మేలో కూడా ఎముకలోకి దిగుతోంది, అత్తయ్యా. జనవరిలో ఎలా కూర్చున్నారు?

కథ నెమ్మదిగా చెప్పాను. మీలా సాగదీసి చెప్పాను. మొదట నా వెనకాల వెతికింది. ఓర్చుకున్నాను. చాలాసేపటికి నా మొహం చూసి, నా బొటనవేలు తీసి నోట్లో పెట్టుకుని కొరికింది. మీ ఒప్పందం నాతో కూడా కుదిరింది.

మీ మంచం పక్కన కూర్చోబెడతాను. మీరు కథ చెప్పక్కర్లేదు, ఊపిరి దాచుకోండి. ఏ పక్కకి తిరిగి పడుకున్నా ఫరవాలేదు. తను మీ వైపు తిరుగుతుంది.

మీ
ఖాతూనా